ఆరు నెలలూ నాలుగు గోడల మధ్యేనా?

ప్రశ్న: మాది సోంపేట. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకు వెళ్తున్నాం. ఏమేం చూడాలి?

జవాబు: నయాగరా రెండ్రోజుల ముచ్చట, మిగతా రోజుల సంగతి ఆలోచించండి. సోంపేటలో గుమ్మం దిగితే బజారు, పలకరింపులు. అక్కడి శివారు కాలనీల్లో పాలకైనా కారు తీయాలి. అబ్బాయి ఆఫీసుకెళ్తే మీకు టీవీయే దిక్కు. అందుకే దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీకి దారి మొదటి వారంలోనే తెలుసుకోండి. లోపలికెళ్లడానికి రుసుం ఉండదు, చాలాచోట్ల ఇంగ్లిష్ మాట్లాడటం ఉచితంగానే నేర్పుతారు. భాష రాదంటారా? ఒకప్పుడు రంగూన్ రేవులో కూలికెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్లు బర్మా భాష నేర్చుకుని ఓడెక్కలేదు. ఒంట్లో బాగోకపోతే ఎలా అన్నది మాత్రం న్యాయమైన భయమే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ సందర్శకులకు వర్తించదు. ప్రయాణ బీమా తీసుకోండి. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో, ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉంటే, సంతకం పెట్టకముందే అడగండి. మందులతోపాటు డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి.