ముప్పై తొమ్మిదో ఏట మొదలైన చదువు

బీట్రిక్స్ పాటర్ పేరు వినగానే నీలం కోటు తొడుక్కున్న కుందేలు పీటర్ గుర్తొస్తుంది. ఆ కుందేలును సృష్టించిన మనిషి జీవితంలో రెండో సగం గొర్రెల మధ్య గడిచిందని చాలామందికి తెలియదు. లండన్‌లోని కెన్సింగ్టన్‌లో కలవారింట పుట్టి, బడి మొహం చూడకుండా ఇంటికొచ్చే పంతులమ్మల దగ్గర చదువుకున్న ఆమెకు పల్లె అంటే వేసవి విడిది. అలాంటి మనిషి 1905లో, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, ఉత్తర ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో నియర్ సారీ అనే చిన్న ఊళ్ళో హిల్ టాప్ అనే పొలం కొంది. ఆ ఆగస్టులోనే ఆమెను పెళ్ళాడవలసిన నార్మన్ వార్న్ జబ్బుచేసి చనిపోయాడు.

ఊరి గాలికి మనసు కుదుటపడుతుందని నగరవాసులు అనుకోవడం మామూలే. కొన్న తర్వాత ఆమె నడుచుకున్న తీరే ఇక్కడ గమనించవలసింది. అప్పటికే అక్కడ సేద్యం చూసుకుంటున్న జాన్ కానన్ కుటుంబాన్ని పంపేయలేదు. వాళ్ళుండడానికి ఇంటికి కొత్త భాగం కట్టించి, పనులు అతని చేతిలోనే ఉంచింది. పుస్తకాలతో పేరు తెచ్చుకున్న మనిషి సేద్యంలో ఓనమాల నుంచి మొదలుపెట్టింది. పందులు, బాతులు, ఎలుకలు నిండిన ఆ ఇల్లే తర్వాతి కథల్లోకి ఎక్కింది. 1908లో వచ్చిన బాతు జెమీమా కథలో కనిపించే రైతు భార్య మిసెస్ కాననే.

ఆమెను పూర్తిగా లాక్కున్నవి హెర్డ్‌విక్ గొర్రెలు. పిల్లలు నల్లగా పుడతాయి, పెరిగేకొద్దీ ఒళ్ళు గోధుమ రంగుకు, ఆపైన బూడిద రంగుకు తిరుగుతుంది, తల తెల్లబడుతుంది. వీటిని మేపే కొండలకు చాలాచోట్ల కంచె ఉండదు. తల్లి వెంట తిరిగిన పిల్ల తన మేత హద్దు ఎక్కడిదాకానో నేర్చుకుంటుంది, పెద్దయ్యాక తన పిల్లకు నేర్పుతుంది. అందుకే ఆ కొండమీద పొలం చేతులు మారినా మంద కదలదు, పొలంతోపాటే కొత్త యజమానికి వస్తుంది. ఈ సంగతి తెలియకుండా అక్కడి కొండల్ని చూసేవాడికి పచ్చదనం తప్ప ఇంకేమీ కనబడదని నా అభిప్రాయం.

1923లో ఆమె ట్రౌట్‌బెక్ పార్క్ అనే పెద్ద గొర్రెల పొలం కొనేనాటికి అక్కడి మందలో కార్జపు జలగల రోగం ఉంది. భయపడలేదు. మందను బాగుచేయించింది, టామ్ స్టోరీ అనే మంచి కాపరిని పనిలోకి తీసుకుంది, గొర్రెలను పశువుల ప్రదర్శనలకు పంపి బహుమతులు గెలిచింది. 1913లో స్థానిక న్యాయవాది విలియం హీలిస్‌ను పెళ్ళాడాక ఊళ్ళో ఆమె మిసెస్ హీలిస్, అంతే. రచయిత్రిగా పిలిపించుకోవడం కంటే ఆ పేరే ఆమెకు ఇష్టం.

పుస్తకాల రాబడి ఉంది కాబట్టి సాగింది అంటారు. నిజమే, డబ్బు లేనివాడు పొలం కొనలేడు. కానీ పొట్టేలు పళ్ళు చూసి వయసు చెప్పడం డబ్బిస్తే రాదు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఒక రంగంలో పేరున్న మనిషి, ఇంకో రంగంలో ఏమీ తెలియనివాడిగా కూర్చోగలగడం చాలా కష్టం. మనలో ఎక్కువమంది ఆ కుర్చీని తప్పించుకోవడానికే పాత నైపుణ్యాన్ని పట్టుకు వేలాడతాం. ఆమెకు పల్లె ఇచ్చిన సంతోషం ఆ కుర్చీలో కూర్చున్నందుకు దక్కిందే. ప్రశాంతత కోసం వెళ్ళి ఉంటే తిరిగొచ్చేసేది. గొర్రెలు ఈనే రోజుల్లో కాపరికి కంటినిండా నిద్ర ఉండదు, ఆ ప్రాంతంలోని సీత్‌వైట్ ఇంగ్లండులోకెల్లా ఎక్కువ వాన కురిసే ఊరు.

1943లో హెర్డ్‌విక్ పెంపకందారుల సంఘం ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. అంతకుముందు ఏ స్త్రీకీ ఆ గౌరవం దక్కలేదు. పదవి చేపట్టకముందే ఆ డిసెంబరులో కన్నుమూసింది. 4,000 ఎకరాలకు పైగా భూమిని, మందలతో సహా, నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థకు రాసిచ్చింది.

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉద్యోగం చేస్తూ వారాంతంలో లేక్ డిస్ట్రిక్ట్‌లోని విండర్‌మియర్ సరస్సుకు వెళ్ళి ఫొటోలు పంపే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకో మాట. ఇంగ్లండు, వేల్స్‌లలో జనం నడిచే హక్కున్న దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. వాటిలో చాలా భాగం రైతుల పొలాల మీదుగానే పోతాయి, ఎవరినీ అడగక్కర్లేదు. ఈసారి సరస్సు ఒడ్డున ఆగిపోకుండా అలాంటి దారి ఒకటి పట్టుకోండి. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. కుక్క ఉంటే పట్టీ వదలొద్దు. కాపరి ఎదురై, అతనికి తీరికుందనిపిస్తే, మీ ఉద్యోగం సంగతి పక్కన పెట్టి గొర్రెల గురించి ఒక ప్రశ్న అడగండి.