నాలుగు గోడల నడుమ

2020 మార్చి 25న కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఆ నెలలోనే కళాశాలలు, వసతిగృహాలు మూతపడ్డాయి. తెల్లవారకముందే గంట మోగగానే లేచి, రాత్రి పొద్దుపోయే దాకా స్టడీ అవర్లలో కూర్చునే విద్యార్థులు ఒక్కసారిగా ఏ గంటా మోగని ఇళ్ళకు చేరుకున్నారు. మొదటి వారం సెలవుల సంబరంగానే గడిచింది. ఆ తరువాత చాలామందిని ఒక వింత స్థితి ఆవరించింది. కొంతసేపు కాలు నిలువదు. మేడమెట్లు ఎక్కి దిగుతారు, పుస్తకం తెరిచి మూస్తారు, ఫోను చేతిలోకి తీసుకొని ఎందుకు తీసుకున్నదీ మరచిపోతారు. మరికొంతసేపటికి ఒంట్లోని సత్తువనంతా ఎవరో తోడేసినట్లు మంచానికి అతుక్కుపోతారు. ఇంటిలోని పెద్దలు మొదటిదాన్ని నిలకడలేమి అన్నారు, రెండవదాన్ని బద్ధకం అన్నారు. నిజానికి ఆ రెండూ తరచు ఒకే కొమ్మకు కాచిన కాయలు.

ఈ సంగతి గ్రహించడానికి 1962లో జరిగిన ఒక ప్రయోగం ఉపకరిస్తుంది. మిషెల్ సిఫ్ర్ అనే 23 ఏళ్ళ ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త ఆల్ప్స్ పర్వతాలలోని ఒక మంచుగుహలో ఒంటరిగా దాదాపు రెండు నెలలు గడిపాడు. అక్కడ గడియారం లేదు, ఎండ పొడ లేదు. లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకోబోయేటప్పుడు పైనున్న సహచరులకు టెలిఫోనులో చెప్పేవాడు. వారు మాత్రం అతనికి వేళ చెప్పేవారు కారు. సెప్టెంబరు 14న గడువు ముగిసిందని తెలిపినప్పుడు అతని లెక్కలో అది ఇంకా ఆగస్టు 20వ తేదీయే! మనసు కాలాన్ని పోగొట్టుకున్నది. శరీరం పోగొట్టుకోలేదు. అతని నిద్రా మెలకువలు సుమారు ఇరవై నాలుగున్నర గంటలకు ఒకసారి క్రమంగా తిరుగుతూనే ఉన్నాయి.

శరీరంలోని ఈ గడియారం మెదడులో ఉంటుంది. అది రోజూ కొద్దికొద్దిగా వెనుకబడుతుంది. దానిని సరిదిద్దేది ముఖ్యంగా ఉదయపు వెలుతురు. తలుపులు మూసిన గదిలో పగటి వెలుగు చాలదు, రాత్రి ఫోను వెలుగు ఆగదు. నిద్ర అర్ధరాత్రి దాటుతుంది, మెలకువ మధ్యాహ్నానికి జరుగుతుంది. చాలని నిద్ర నిస్సత్తువను తెస్తుంది. పగటి నిద్రతో మిగిలిపోయిన శక్తి పొద్దువాలాక అలజడిగా బయటపడుతుంది.

కనుక మొదట పట్టుకోవలసినది మేల్కొనే వేళను. నిద్రను రమ్మని శాసించలేము కాని, లేచే వేళను నిర్ణయించుకోవచ్చు. లేచిన వెంటనే డాబా మీదికో, వాకిలిలోకో పోయి కొంతసేపు నిలబడాలి. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుతురు గదిలోని దీపం కంటే ఎన్నో రెట్లు అధికం. అలజడి కలిగినప్పుడు పుస్తకంతో కుస్తీ పట్టకుండా దానిని కాళ్ళకు, చేతులకు అప్పగించాలి: నీళ్ళు మోయడం, వాకిలి ఊడ్వడం, పాత అటక సర్దడం. నిస్సత్తువ కమ్మినప్పుడు పది నిమిషాల పని ఒక్కటే తలకెత్తుకోవాలి. ఒక లెక్క, ఒక పద్యం చాలు. ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామనుకుంటే అది రాకపోవచ్చు. మొదలుపెట్టాక తరచు వస్తుంది. వేళాపట్టికను రంగు పెన్సిళ్ళతో గీసి గోడకు అంటించడంతోనే ఉత్సాహమంతా ఖర్చు చేసుకున్నవారూ లేకపోలేదు.

క్రమమొక్కటే చాలదు, తోడు కూడా కావాలి. 1972లో సిఫ్ర్ అమెరికాలోని టెక్సాస్‌లో మరొక గుహలో ఆరు నెలలకు పైగా ఉన్నాడు. ఒంటరితనం భరించలేక ఒక ఎలుకతో చెలిమి చేయబోయాడు. పట్టుకొనే ప్రయత్నంలో అది చనిపోగా కుంగిపోయాడు. ఇంటిలో చిక్కుకున్నవారికి అంత దుస్థితి అక్కరలేదు. ఇతరుల ఫోటోలు చూస్తూ గంటలు గడపడం కంటే ఒక మిత్రుని గొంతు పది నిమిషాలు వినడం మేలు.

ఐతే దిగులు రెండు వారాలకు మించి వీడకపోయినా, నిద్ర లేకున్నా అలసట తెలియని అతిహుషారు రోజుల తరబడి కొనసాగి ఆపై తీవ్రమైన కుంగుబాటు కలిగినా, అది దినచర్యతో చక్కబడే విషయం కాదు, వైద్యుని సంప్రదించాలి. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.