ఊళ్లో ఓటు, నగరంలో బతుకు: తరచూ అడిగే ప్రశ్నలు

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. రెండ్రోజుల ముందు నుంచే హైదరాబాద్ బస్టాండ్లు కిటకిటలాడాయి, విజయవాడ హైవే మీద టోల్ ప్లాజాల దగ్గర కార్లు బారులు తీరాయి. ఏపీలో పోలింగ్ 81 శాతం దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో మాత్రం 48 శాతం దగ్గరే ఆగిపోయింది. నగరవాసులకు బద్ధకమని అందరూ తిట్టారు. బద్ధకం ఉన్నమాట నిజమే గానీ, ఆ శాతంలో చిరునామాల గొడవ కూడా చాలానే ఉంది. ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని గురించే.

హైదరాబాద్‌లో పదేళ్లుగా ఉంటున్నాను. ఓటు మాత్రం మా ఊళ్లోనే ఉంది. తప్పా?

చట్టం అడిగేది ఒక్కటే: మామూలుగా మీరు నివసించేది ఎక్కడ? 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదు. అలాగని కొన్నాళ్లు పనిమీద బయటికి వెళ్లినంత మాత్రాన ఊరి నివాసం పోదు. మేస్త్రీ పనికి ఆర్నెల్లు వలస వెళ్లి వానల నాటికి తిరిగొచ్చే పాలమూరు కూలీకి ఓటు ఊళ్లోనే ఉండటం సబబు. పిల్లల్ని ఇక్కడే బడిలో వేసి, ఇక్కడే ఫ్లాటు కొనుక్కుని, పండక్కి మాత్రమే ఊరెళ్లే ఉద్యోగికి ఉండాల్సింది ఇక్కడే. హాస్టల్లో చదువుకునే విద్యార్థి మాత్రం సొంత ఇల్లో హాస్టలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు.

అయినా జనం మార్చుకోరు. ఊళ్లో ఓటుంటే అది మన ఊరే అన్న భరోసా. సర్పంచి ఎన్నికప్పుడు ఇంటికొచ్చి పేరుపెట్టి పిలిచి అడుగుతారు, నగరంలో కార్పొరేటర్ ఎవరో కూడా చాలామందికి తెలియదు. ఇది కాదనలేని కారణమే. కానీ నాలా పొంగి ఇంట్లోకి నీళ్లొస్తే అడగాల్సింది ఇక్కడి వాళ్లనే, ఆ అడిగే చోట మీకు ఓటు లేదు.

రెండు చోట్లా పెట్టుకుంటే?

కుదరదు. రెండు నియోజకవర్గాల్లోనే కాదు, ఒకే జాబితాలో రెండుసార్లు కూడా పేరు ఉండకూడదు. దరఖాస్తులో తెలిసీ అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. జాబితాలో ఇలా రెండుచోట్లా మిగిలిపోయిన పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారిపోయినవాళ్ల పేర్లు అన్నీ పోలింగ్ శాతాన్ని కిందికి లాగుతాయి. అద్దె ఇళ్లు ఎక్కువున్న నగరంలో ఇది మరీ ఎక్కువ. ఓటేయనివాళ్లుగా లెక్కలో పడ్డవారిలో కొందరు అసలు ఆ ఇంట్లో లేనేలేరు.

మార్చుకోవాలంటే ఎలా?

ఇల్లు మారితే ఫారం 8. మొదటిసారి నమోదుకు ఫారం 6. చనిపోయినవారి పేరు తీయించడానికి, ఎవరి పేరు మీదైనా అభ్యంతరం చెప్పడానికి ఫారం 7. ఆన్‌లైన్‌లోనో, మీ పోలింగ్ కేంద్రం బూత్ స్థాయి అధికారి(బీఎల్‌ఓ)కో ఇవ్వవచ్చు. 1950కి ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.

18 ఏళ్లు నిండటానికి ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా లెక్కలోకి వచ్చాయి. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంటి ఓనరు అద్దె అగ్రిమెంటు ఇవ్వడు. ఏం చూపించాలి?

అగ్రిమెంటు ఒక్కటే ఆధారం కాదు. ఆ చిరునామాతో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, గ్యాస్ లేదా కరెంటు బిల్లు ఉన్నా చాలు. ఏ కాగితమూ లేకపోతే బీఎల్‌ఓ వచ్చి విచారించాలి. ఫుట్‌పాత్ మీద పడుకునేవారికీ ఓటుంది. దరఖాస్తులో రాసిన చోటే పడుకుంటున్నారా అని బీఎల్‌ఓ రాత్రిపూట వెళ్లి చూడాలన్నది ఎన్నికల సంఘం నిబంధన. కాగితం మీద ఇంత మంచి నిబంధన ఉందని ఆ పడుకునేవాళ్లకు చెప్పేవారే తక్కువ.

కార్డుంది, జాబితాలో పేరు లేదు. ఓటేయనిస్తారా?

వేయనివ్వరు. ఓటు హక్కు జాబితాతో ముడిపడింది, కార్డు మీరెవరో చెప్పే గుర్తింపు మాత్రమే. పేరుండి కార్డు లేకపోతే ఆధార్ లాంటి వేరే గుర్తింపుతో వేయవచ్చు. పేరు అన్యాయంగా తీసేస్తే జిల్లా ఎన్నికల అధికారికి, ఆపై రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

నా ఓటు అప్పటికే ఎవరో వేసేశారు!

వెనక్కి వచ్చేయకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే కాగితం బ్యాలెట్ ఇస్తారు. దాన్ని కవర్లో విడిగా ఉంచుతారు, మామూలు లెక్కింపులో కలపరు. ఫలితంపై కేసు నడిస్తే కోర్టులో పనికొస్తుంది.

సెలవివ్వని యజమానిని ఏం చేయగలం?

పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు మీ హక్కు, రోజుకూలీకి కూడా. హైదరాబాద్‌లో పనిచేస్తూ ఒంగోలులో ఓటున్నా వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి జరిమానా ఉంది, గరిష్ఠంగా 500 రూపాయలు! ఆ మొత్తానికి ఏ కంపెనీ భయపడుతుంది? ఆస్పత్రుల్లాంటి చోట, మనిషి లేకపోతే ప్రమాదమున్న పనులకు మినహాయింపు ఉంది.

దుబాయ్‌లో ఉన్నాను. అక్కడి నుంచి వేయవచ్చా?

భారత పౌరసత్వం వదులుకోకపోతే ఫారం 6ఎతో పాస్‌పోర్టులోని చిరునామాలో నమోదు కావచ్చు. కానీ ఓటు వేయడానికి ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి. జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లిన కూలీ ఒక్క ఓటు కోసం విమానం టికెట్టు కొంటాడా? ఇలాంటివారి తరఫున వేరొకరు ఓటేసే వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ ఆమోదం దొరక్క మురిగిపోయింది. దేశంలోనే ఉన్న వలసజీవుల కోసం ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ యంత్రం తయారుచేయించి 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయింది. ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పడంతో అదీ ఆగింది.

ఎవరూ నచ్చలేదు. మానేస్తే నేరమా?

కాదు. మన దగ్గర ఓటు నిర్బంధం కాదు. గుజరాత్ స్థానిక ఎన్నికలకు అలాంటి చట్టం తెస్తే 2015లో హైకోర్టు నిలిపేసింది. 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నోటా (పైవారెవరూ కాదు) వచ్చింది. దానికి ఎన్ని ఓట్లు పడినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినవారే గెలుస్తారు. కోపం నమోదవుతుంది, అంతే.

డబ్బు తీసుకుని నచ్చినవాళ్లకే వేస్తే తప్పేంటి?

ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాడిదీ నేరమే, ఏడాది వరకు జైలు. పక్కింటికి ఇచ్చి మాకు ఇవ్వలేదని రోడ్డెక్కేవాళ్లు నిజానికి తమ నేరాన్ని తామే చాటుకుంటున్నారు.

జైల్లో ఉన్నవాళ్లకు?

శిక్ష పడకపోయినా, విచారణ ఖైదీలైనా ఓటు లేదు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం ఉంది. విచిత్రమేమిటంటే, విచారణ ఖైదీగా జైల్లో ఉండి పోటీ మాత్రం చేయవచ్చు.

ఐదేళ్ల మధ్యలో మాట్లాడే చోటేది?

పల్లెలో గ్రామసభ. ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, ఎవరూ పిలవక్కర్లేదు. పంచాయతీ లెక్కలు, పనుల జాబితా అక్కడ అడగవచ్చు. అది ఎప్పుడు పెడుతున్నారో తెలియకపోతే పంచాయతీ కార్యదర్శిని అడగండి. అసలు పెట్టారా, కాగితం మీదే నడిపారా అన్న అనుమానముంటే సమాచార హక్కు దరఖాస్తు (ఊరి స్థాయిలో దీనికి ఫీజు లేదు) పెట్టి తీర్మానాల పుస్తకం నకలు కోరండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నకలు చేతికొచ్చాక హాజరు సంతకాలు చూడండి, హైదరాబాద్‌లో ఉన్న మీ సంతకం కూడా అందులో ఉందేమో.