రాయి తిప్పి చూడు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

మారేడుమిల్లి దగ్గర పాములేరు వాగు మీద ప్రాజెక్టు చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన పట్టిక చూశాను. పీహెచ్, ఆక్సిజన్, నైట్రేట్, అన్నీ శ్రద్ధగా కొలిచావు. అయితే అమ్మా, సీసాలోకి వచ్చింది ఆ క్షణాన అక్కడున్న నీరు మాత్రమే. మూత బిగించేలోగా వాగు ముందుకు వెళ్లిపోయింది. వారం కిందట ఎగువన ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ చల్లి చేపలు పట్టి ఉంటే, ఇవాళ్టి సీసాకు ఆ సంగతి తెలియదు. నెలల తరబడి ఆ వాగులోనే కాపురమున్న పురుగులకు తెలుస్తుంది. వాటిని అడుగు.

రాళ్ల మీంచి నీళ్లు గలగలా పారే చోట, మోకాలి లోతు దాటకుండా నిలబడు. దిగువవైపు చిన్న వల పట్టుకుని, పిడికిలంత రాయి ఒకటి తీసి తిప్పి చూడు. బల్లపరుపు ఒంటితో రాతికి కరుచుకుని, వెనక సాధారణంగా మూడు తోకలు, పొట్టకు రెండు పక్కలా మొప్పలు ఉన్నది మేఫ్లై పిల్ల. రెండే తోకలుండి, మొప్పల కుచ్చులు కాళ్ల మొదట్లో కనిపిస్తే స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువుల్నో ఆకు ముక్కల్నో తన నోటి దారంతో అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకున్నది కాడిస్‌ఫ్లై. వీటిలో చాలా జాతులకు ఆక్సిజన్ పుష్కలంగా కరిగిన నీరు కావాలి. ఇవేవీ లేక, ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులే గుంపులుగా కనిపిస్తే ఆ చోటును అనుమానించు. వాటి రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది కనుక ఆక్సిజన్ కరువైన బురదలోనూ బతకగలవు. చూశాక రాయిని తీసిన చోటే, తీసిన వైపే పెట్టేయి. అది వాటి ఇంటి కప్పు.

ఇంకో మాట. ఆక్సిజన్ ఏ వేళప్పుడు కొలిచావో పట్టికలో లేదు. నాచు పట్టిన మడుగులో రాత్రంతా అన్నీ ఆక్సిజన్ పీల్చుకునేవే, ఇచ్చేది లేదు. అందుకని తెల్లవారుజామున బాగా తగ్గి, మధ్యాహ్నానికి పెరుగుతుంది. కొలిచిన వేళతోపాటు ఉష్ణోగ్రత కూడా రాసుకో. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వస్తే ఏడున్నరే. గట్టు మీది చెట్లు నరికితే నీడ పోయి నీరు వేడెక్కుతుంది. నీళ్లలోని పురుగుకు ఊపిరాడకపోవడానికి ఇదొక కారణం.

చెట్లు పోతే పురుగు బతకలేకపోవడానికి రెండో కారణం తిండి. చెట్లు కమ్ముకున్న వాగులోకి ఎండ అంతగా దిగదు, నాచు పెద్దగా పెరగదు. అక్కడ అందరికీ అన్నం పెట్టేది రాలిన ఆకు. నీళ్లలో పడ్డ ఆకులోని సారం కొంత మొదటి రోజుల్లోనే నాని కారిపోతుంది. తర్వాత బూజు, బాక్టీరియా పట్టి దాన్ని మెత్తబరుస్తాయి. అప్పుడు పురుగులు, పీతలు చించుకు తింటాయి. వాటికి బలమిచ్చేది ఒట్టి ఆకు కన్నా దానికి పట్టిన బూజే. అవి రాల్చిన తునకలూ, విసర్జించిన రేణువులూ దిగువకు కొట్టుకుపోతుంటే, రాళ్ల సందుల్లో వల కట్టుకుని కూర్చున్న మరో రకం కాడిస్‌ఫ్లై పిల్ల వాటిని పట్టుకుంటుంది. ఒకరి ఎంగిలి మరొకరి భోజనం. కొండ మీది పిల్లవాగు నుంచి నదీముఖం దాకా ఈ వరస ఎలా మారుతుందో 1980లో రాబిన్ వానోట్, ఆయన సహచరులు ఒక సిద్ధాంతంగా చెప్పారు. తప్పక చదువు. కానీ వాళ్లు ఆధారం చేసుకున్నవి ఉత్తర అమెరికా అడవి ఏర్లు. మన నదుల్లో ఏడాది నీటిలో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నెలల్లోనే పారుతుంది. తొలి వరద రాళ్లను దొర్లించి పురుగుల్ని ఊడ్చుకుపోతుంది. ఆ తర్వాత ఎగువ నుంచి కొట్టుకొచ్చినవి, గులకరాళ్ల కింద దాక్కున్నవి, రెక్కలొచ్చి ఎగిరి వచ్చి గుడ్లు పెట్టినవి మళ్లీ సంసారం మొదలుపెడతాయి. వానలకు ముందూ తర్వాతా ఒకే చోట చూడకపోతే నీ ప్రాజెక్టు సగమే.

ఆ వాగు నీరు చివరికి గోదారిలోకే. గోదారి నీళ్లు సముద్రంలో వృథాగా కలిసిపోతున్నాయని ప్రతి వానాకాలం వింటుంటాం. ఆ ‘వృథా’ అన్న మాటను నేను ఒప్పుకోను. కోనసీమ నేల ఆ వరద మోసుకొచ్చిన ఒండ్రే. కోరింగ మడ అడవి బతకాలంటే ఉప్పునీటిలో మంచినీరు కలవాలి. సముద్రంలో విలసగా తిరిగే చేప, వరదకు ఎర్రనీరు దిగగానే ఎదురీది గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చి పులస అవుతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పటి బ్యారేజీ 1982లో. ఆ కట్టడం డెల్టాకు అన్నం పెట్టింది, కాదనను. చేప దారికి అడ్డు కట్టిందీ అదే. నీటి లెక్క రాసేవాళ్లు చేప లెక్క, ఒండ్రు లెక్క కూడా రాయాలన్నదే నా పట్టుదల. నీలాంటి వాళ్లు చదువుకునేది అందుకే.

ఇక నీకో పని. తెల్లమద్ది, కానుగ ఎండుటాకులు ఏరి, పది గ్రాముల చొప్పున వల సంచుల్లో కట్టు. ప్రతి చెట్టు ఆకుకూ రెండు రకాల సంచులుండాలి. ఒకటి పురుగు దూరగలిగే పెద్ద కన్నులది, రెండోది దూరలేని సన్న కన్నులది. ఒకే చోట రాళ్లకు కట్టి మునిగేలా ఉంచు. రెండు వారాలకోసారి ఒక్కో రకానికి కొన్ని తీసి, ఆకు కడిగి, ఎండబెట్టి తూచు. పెద్ద కన్నుల సంచిలో అదనంగా తగ్గిన తూకం చాలామటుకు పురుగుల వాటా. కానుగ ముందు ఖాళీ అవుతుందని నా అంచనా, ఎందుకంటే మద్ది ఆకులో వగరు ఎక్కువ. మొదటి తూకాలు రాగానే నాకు ఉత్తరం రాయి, పట్టిక ఎలా కట్టాలో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న