దాచాలా, వినాలా? (ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: శ్రీసిటీలో ఒక కార్ఖానాలో షిఫ్టు పని చేస్తాను. బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందమంటే ప్రాణం. వాళ్ల మొదటి ఆల్బం, 1970లో ఇంగ్లండులో వచ్చిన రికార్డు దొరికితే రెండు నెలల జీతం పోసి కొన్నాను. గీత పడుతుందన్న భయంతో ఒక్కసారీ వేయలేదు. ఇంట్లో సగం ధరే చెప్పాను. "వినని పాటకు ఇంత డబ్బా?" అంటోంది మా ఆవిడ.
- ఒక పాఠకుడు, తడ

జవాబు: వేయండి. ఈ ఆదివారమే వేయండి.

ఆ ఆల్బంలో గిటారు వాయించిన టోనీ అయోమీ మీలాగే కార్ఖానా మనిషి. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తుండగా, పదిహేడేళ్ల వయసులో, కుడిచెయ్యి యంత్రం కింద పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కే చెయ్యే అది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు కట్టుకున్నాడు, మళ్లీ వాయించాడు. 1969 అక్టోబరులో ఒక్క రోజులో రికార్డు చేసిన ఆల్బం అది. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. షిఫ్టు దిగి వచ్చిన మీకు ఆ మోత అంతగా ఎందుకు పట్టిందో నాకు తెలుస్తోంది. అలాంటి పాటను బీరువాలో పెట్టి తాళం వేయడం నాకు బాధగా ఉంది.

ప్లేయర్‌కు మంచి ముల్లు పెట్టి, ముల్లు కంపెనీ చెప్పిన బరువుకు సరిచేసి వేస్తే రికార్డు అంత తొందరగా అరగదు. అరిగిన ముల్లే గాడిని కోసేస్తుంది. ముందు దాన్ని మార్చండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగి చూడండి. అసలుదా కాదా అన్న అనుమానం ఉంటే మొదటి వైపు లేబుల్ చూడండి: ఆల్బం విడుదల చేసిన వెర్టిగో కంపెనీ నలుపు తెలుపు సుడి ఉండాలి. లేబుల్ చుట్టూ నున్నటి భాగంలో చెక్కిన అంకెలు కూడా సరిచూసుకోండి.

మీ ఊళ్లో భయపడాల్సింది ఎండకు, పులికాట్ మీదుగా వచ్చే తేమకు. రేకుల కప్పు కింద, పడమటి గోడ పక్కన పెట్టకండి. రికార్డులను పడుకోబెట్టి దొంతరగా పేర్చితే వంగుతాయి, నిలబెట్టండి. అట్ట చెమ్మగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ కవరులో బిగించారంటే బూజు ఖాయం.

ధర సంగతి మాత్రం తప్పు చేశారు. వేసేలోపే మీ ఆవిడకు పూర్తి అంకె చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. ఆమెకు ఆ పాట నచ్చి తీరాలని పట్టుపట్టకండి.

ప్రశ్న: మా తాతగారి ఘంటసాల రికార్డులు, 78 వేగానివి, బూజు పట్టాయి. స్పిరిట్‌తో తుడవవచ్చా? మా అబ్బాయి కొత్త ప్లేయర్ మీద వేయవచ్చా?
- ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: స్పిరిట్ వద్దమ్మా. వాటిలో ఉన్నది లక్క, స్పిరిట్‌కు కరిగిపోతుంది. మెత్తటి గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, బాగా పిండి, గాడి వెంబడే తుడవండి, లేబుల్ తడవకూడదు. ప్లేయర్‌కు 78 వేగం ఉండాలి, ముల్లూ వేరే ఉండాలి. ఎల్‌పీ ముల్లు సన్నం, ఆ వెడల్పు గాడిలో అడుగున పడి బరబరమంటుంది. చేత్తో తీసేటప్పుడు జాగ్రత్త, జారితే ముక్కలే.