బడి కంటే ముందు ఇల్లు



జూన్ నెల దగ్గరపడితే మన విచారణల్లో తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ బడి మంచిది?" పదో తరగతిలో నూటికి నూరు శాతం పాసైందని గోడల మీద రాసుకున్న బడికే పరుగెడతాం. ఆ అంకె నిజమే కావచ్చు. కాని అది బడి గొప్పతనంతో పాటు, అందులో చేరిన పిల్లల ఇళ్ల స్థితిని కూడా చెబుతుందని మరచిపోతాం.

ఇద్దరు పిల్లలను ఊహించుకోండి. ఒకరు ఖమ్మంలో ఉద్యోగస్తుల బిడ్డ. ఇంట్లో మాట్లాడేదీ బడిలో చదివేదీ తెలుగే. లెక్క అర్థం కాకపోతే చెప్పడానికి నాన్న ఉన్నాడు, లేదా ట్యూషన్ ఉంది. మరొకరు భద్రాచలం దాటాక, చర్ల వైపు అడవి అంచున కోయ కుటుంబపు బిడ్డ. ఇంటి భాష కోయ, పుస్తకం తెలుగు. సరిగ్గా పరీక్షల ముందు మిరప కోతలు వస్తాయి. అమ్మానాన్నలు కూలికి వెళితే చంటివాణ్ణి చూసుకోవాలి. తర్వాత ఇప్పపూలు, ఆపైన తునికాకు. తెలివి ఇద్దరికీ దేవుడిచ్చాడు. తీరిక ఒక్కరికే దొరికింది.

ఇది ఒక్క మన ప్రాంతపు సంగతి కాదు. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం ఆరు లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించింది. పిల్లల మార్కుల్లోని తేడాలకు బడి వసతుల కంటే కుటుంబ నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది.

అలాగని బడి వల్ల లాభం లేదనుకోకండి. మంచి ఉపాధ్యాయుల ప్రభావం వెనుకబడిన పిల్లల మీదే ఎక్కువని కూడా ఆ పరిశీలన చెప్పింది. భద్రాచలం ఐటిడిఎ ఆశ్రమ పాఠశాలలు అన్నం, పడక, చదువుకునే వేళ ఇచ్చి ఇంటి కొరతను కొంత తీరుస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో కోయ భాషలోనూ వాచకాలు తెచ్చింది ఇందుకే.

రెండవ వాటికన్ మహాసభ 1965లో విద్యపై చేసిన ప్రకటనలో, బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని బోధించింది. ఆ బాధ్యత మోయలేని ఇంటికి సమాజం తోడు నిలవాలని కూడా చెప్పింది. మొదటి మాట మనకు గుర్తుంటుంది. రెండోది మరచిపోతాం.

ఈ వారం ఇంట్లో ఆచరించండి:

1. మీ బిడ్డకు మంచి మార్కులు వస్తే సంతోషించండి. అందులో మీ ఇంటి వసతి పాలు ఎంతో కూడా బిడ్డకు చెప్పండి.

2. చదువు రాని తల్లిదండ్రులారా, కుంగిపోవద్దు. "ఈ రోజు ఏం నేర్చుకున్నావు?" అని రోజూ అడగండి. పాఠం చెప్పించుకుని వినండి.

3. మిరప కోతల కాలంలో పొరుగింటి బిడ్డను సాయంత్రం మీ పిల్లల పక్కన కూర్చోబెట్టుకోండి. దీపం ఒకటే, చదివేది ఇద్దరు.

"మన పిల్లలకు చదువు రాదు" అనే మాట మాత్రం ఏ ఇంట్లోనూ వినబడనివ్వకండి.