అంటు ఎవరిది?

తెలుగులో 'అంటు' అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. తోమవలసిన గిన్నెలు అంట్లు. మామిడికి కట్టేది అంటు. దూరం పెట్టే మైలకూ అదే పేరు. రోగం పాకితే అంటువ్యాధి. తమిళంలో రోగం పాకడాన్ని 'తొట్రు' అంటారు. మా ఆర్.కె.పేట వైపు బస్సు మెట్టు పట్టుకుని వేలాడే వాళ్ల గురించి చెప్పేటప్పుడూ ఆ మాటే వాడతారు. మైలకు మాత్రం 'తీట్టు' అని వేరే మాట ఉంది. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి ఈ తేడా నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మా చిన్నమ్మ స్టాఫ్ నర్సు. ఆసుపత్రిలో అంటును ఎట్లా చూస్తారని అడిగితే, "ఎవరికి జబ్బు ఉండాదో మేం చూడం. ఏం పని చేస్తా ఉండామో చూస్తాం" అంది.

ఈ ఆలోచన వెనక ఉన్న కథలో మన పక్కనున్న వేలూరుకీ చోటుంది. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల, తన ప్రొఫెసరు సునీతి సోలోమన్ చెప్పగా రక్తం నమూనాలు సేకరించింది. వాటిని వేలూరు సి.ఎం.సి.లో పరీక్షిస్తే మన దేశంలో మొదటిసారి హెచ్.ఐ.వి. బయటపడింది. అది సోకిన మనిషి ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. మరి మొహం చూసి జాగ్రత్తపడితే ఏం లాభం? అందుకే 1987లో అమెరికాలోని సి.డి.సి. సంస్థ, ప్రతి రోగి రక్తాన్నీ అంటు ఉన్నట్టే భావించి పని చేయాలని చెప్పింది. ఇప్పుడు 'స్టాండర్డ్ ప్రికాషన్స్' అంటున్నది దాని పెరిగిన రూపమే.

మన మడి మనిషిని బట్టి ఉంటుంది. ఇది పనిని బట్టి ఉంటుంది. మామూలుగా బీపీ చూడటానికి గ్లౌస్ అక్కరలేదు, రక్తం తీయడానికి కావాలి, రక్తం చిమ్మే పనైతే కళ్లకు కూడా అడ్డం కావాలి. మంచం మీద ఉన్నది కలెక్టరా కూలీయా అన్నది లెక్కలోకే రాదు. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

చేతులు కడగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 సందర్భాలు చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు, సూది గుచ్చడం, కట్టు మార్చడం లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తమో మలమూత్రాలో తగిలే పని తర్వాత, రోగిని ముట్టుకున్నాక, చివరిది రోగి చుట్టూ ఉన్న వస్తువులు ముట్టుకున్నాక. ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరిదేనట. మంచం కమ్మీ పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకుంటారు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలి.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసిన చేతులతో కాన్పుల వార్డుకు వచ్చేవాళ్ల వల్లే బాలింతలు చనిపోతున్నారని గుర్తించి క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. చావులు బాగా తగ్గాయి. అయినా తమ చేతులే చంపాయనే మాట చాలామంది డాక్టర్లకు మింగుడుపడలేదు!

చిన్నమ్మకు కోపమంతా గ్లౌస్ మీద. ఒకే జత వేసుకుని నాలుగు మంచాలు తిరిగితే వేసుకున్న వాళ్ల చెయ్యి బాగుంటుందేమో గాని, నాలుగో మంచం మీది మనిషికి మొదటి మూడు మంచాలదీ అందుతుంది. గ్లౌస్ తీశాక కూడా చెయ్యి కడగాల్సిందే. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకునేవాళ్లు ఉంటారు, కాబట్టి మూత పెట్టకుండా తెల్ల డబ్బాలో వేయాలి.

2020లో మా వీధిలో కొందరు చిన్నమ్మ డ్యూటీ నుంచి వస్తుంటే తలుపులు వేసుకునేవాళ్లు. పాలామె గిన్నె వాకిట్లో దూరంగా పెట్టి పోయేది. చిన్నమ్మ ఏమీ అనేది కాదు. బయటి కుళాయి దగ్గర సెకన్లు లెక్కపెట్టుకుంటూ చేతులు కడుక్కుని, ఆ తర్వాతే గిన్నె ముట్టుకునేది. ఆ గిన్నె మళ్లీ పాలామె చేతికే పోవాలి కదా అనేది.